నాయన ఉండగా తీసిన మీసం

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం.

అక్కా,

నీ తమ్ముడు ఓబులేసు చేతులెత్తి మొక్కి రాస్తున్నది. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? బావ కడుపుమంటకు మాత్రలు వేసుకుంటున్నాడా, లేక మాత్ర వేసుకున్నాం కదా అనే ధైర్యంతో ఇంకో రెండు మిరపకాయ బజ్జీలు తింటున్నాడా? నాయన ఎట్లా ఉన్నాడు? ఈ చివరి ప్రశ్న కోసమే ఈ ఉత్తరమంతా. కాబట్టి దానికి నీ జవాబు పొడుగ్గా ఉండాలి. బువ్వ ఎంత తింటున్నాడు, రోజుకు ఎంతసేపు మగ్గంలో కూర్చుంటున్నాడు, నా పేరు వస్తే లేచిపోతున్నాడా, కూర్చునే ఉంటున్నాడా, అన్నీ రాయి.

నా ఆరోగ్యానికి ఏ లోటూ లేదు. బాగున్నాను. నిజంగా బాగున్నాను. రెండుసార్లు ఎందుకు రాస్తున్నానంటే, ఒక్కసారి చెబితే నా మాట నమ్మే అలవాటు మన ఇంట్లో ఎవరికీ లేదు.

ఫోన్లు పెట్టుకుని ఈ కాగితం, కలం ఏమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. ఎనిమిదో తరగతి తప్పినప్పటి నుంచి నేను నాలుగు వాక్యాలు దాటి రాసింది లేదు. కానీ ఏం చేయను? ఫోను చేస్తే నాయన తీసుకోడు. పోయిన వారం నువ్వు బలవంతంగా ఆయన చెవి దగ్గర పెట్టినప్పుడు ఆయన అన్న మాట నాకు వినబడింది. "వాని గొంతు నమ్మొద్దుమే. వాడు ఎవుర్లాగైనా మాట్లాడతాడు. ఏడ్సేది కూడా అట్లే ఏడుస్తాడు." కరెంటు లైన్‌మన్ మొదలు ఎస్సై దాకా ఊర్లో అందరి గొంతులూ తీసి జనాన్ని వీధుల్లో పరుగులు పెట్టించినవాడిని. గొంతు నమ్మడు, సరే. చేతిరాత మార్చడం నాకు రాదు. ఇంత వంకర రాత ఈ భూమ్మీద ఇంకొకరికి ఉండదు. ఇది నేనే అని నాయన ఒప్పుకుని తీరాలి.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి పేరు మస్తాన్. నంద్యాల వాడు. మా గదిలోనే ఉంటాడు, ఇక్కడొక పెద్దింట్లో వంట చేస్తాడు. సెలవు మీద పోతూ మన ఊర్లో బస్సు దిగి నీ చేతికే ఇస్తానని మాట ఇచ్చాడు. అతనికి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టు. మంచివాడు. నా గుండు గీసింది కూడా అతనే. ఆ ముక్క నాయన ముందు నువ్వు ఎత్తొద్దు, కింద నేనే రాశాను.

ఇక్కడి ఎండ సంగతి చెప్పాలంటే, మన కడప ఎండ దీని ముందు పసిబిడ్డ. పొద్దున ఎనిమిది గంటలకే స్టీరింగు పట్టుకుంటే అరచేతులు చురుక్కుమంటాయి. నేను నడిపేది నీళ్ల ట్యాంకరే అని నీకు తెలుసు కదా. తాగే నీళ్లు నింపుకుని ఇళ్ల మీద తొట్లకు పట్టాలి. నింపే చోట మా బండ్ల వరుస ఒక ఊరంత పొడుగు ఉంటుంది. నా ముందర మిసరు దేశం వాడు, అదే ఈజిప్టు, వెనక పాకిస్తాన్ వాడు. ఇద్దరికీ నా భాష రాదు, నాకు వాళ్ల భాష రాదు. అయినా మా సూపర్‌వైజర్ ఎట్లా తిడతాడో నేను చేసి చూపిస్తే ఇద్దరూ పొట్ట పట్టుకుంటారు. అంటే నేను ఇక్కడ కూడా ఎందుకు పనికొస్తానో అందుకే పనికొస్తున్నాను. ధూళి గాలి లేచిన రోజు మాత్రం ఎవరూ ఎవరికీ కనబడరు. బండిలో అద్దాలు ఎత్తుకుని ఒక్కడినే కూర్చుంటాను. ఈ నెలన్నరగా ఆ గాలి లేస్తే బాగుండునని చూస్తున్నాను. అప్పుడు ఎవరినీ నవ్వించక్కర్లేదు.

తిండికి లోటు లేదు. మస్తాన్ ఉన్నన్నాళ్లు మాకు రాజభోగం. మలయాళం వాళ్ల కొట్లో రాగిపిండి తెచ్చి సంగటి కెలుకుతాడు. అది ముద్ద కాదు, ఒకసారి గోడకు కొడితే అక్కడే ఉండిపోయింది. అయినా తింటాం. నువ్వు అతనికి ఊరిబిండి చేసి ఒక డబ్బాలో ఇయ్యి. చెనిక్కాయలు బాగా వేయించు, పోయినసారి పచ్చివాసన వచ్చింది. ఒక పాత పంచె కూడా పంపు, నాయన నేసింది. కొత్తది వద్దు.

ఇంక అసలు సంగతి.

మీసం లేని నా మొహాన్ని ఎవడో ఫొటో తీసి మన వాళ్ల గ్రూపులో పెట్టాడు. అది బనగానపల్లెలో అత్త మనవడి ఫోనుకు నిమిషంలో పోయింది. ఆ తరువాత జరిగింది నువ్వొక రకంగా, బావ ఒక రకంగా చెప్పారు. రెండూ కలుపుకుని నా కళ్లతో చూసినట్టు చూశాను. అత్త ఆ ఫొటో చూసింది. గుండు ఉంది, మీసం లేదు. తండ్రి ఉన్నవాడు మీసం తీయడు. కాబట్టి తన తమ్ముడు పోయాడు. ఇంతకంటే ఆమెకు ఇంకేం కావాలి? నాయనకు ఫోను చేసిందట. నాయన మగ్గంలో ఉంటే ఫోను తీస్తాడా? నీకు చేసింది. నీ ఫోను పక్కింట్లో చార్జింగులో ఉంది. ఎవరూ తీయలేదంటే అందరూ శవం దగ్గర ఉన్నారనుకుంది. పూలదండ కొనుక్కుని బస్సెక్కింది. తమ్ముడింటికి ఉత్త చేతులతో పోయే అలవాటు లేదు కాబట్టి రెండో చేతిలో ఒక సంచి మామిడిపండ్లు కూడా తెచ్చింది. చావుకు మామిడిపండ్లు తెచ్చిన మనిషిని నేను ఇంతవరకు వినలేదు.

వీధి మొగదల నుంచే ఏడుపు ఎత్తుకుందట. "నా తమ్ముడా, నన్ను ఇడిసి యాడికి పోతివిరా" అని. మన వీధిలో సంగతి తెలిసిందే కదా, చావు ఏడుపు వినబడితే మగ్గం ఆపాలి. మొదటి ఇంట్లో ఆగింది. రెండో ఇంట్లో ఆగింది. అట్లా వరుసగా ఆగుతూ వచ్చాయి. మగ్గాల చప్పుడు ఆగేసరికి నాయన, అయ్యో వీధిలో ఎవరో పోయినట్టుందే అని, తన మగ్గం కూడా ఆపాడు. అక్కా, తన చావుకు తానే మర్యాదగా మగ్గం ఆపిన మనిషి మన నాయన ఒక్కడే అయి ఉంటాడు. మగ్గం గుంటలో నుంచి లేచి, కాళ్లు దులుపుకుని, గుమ్మం దగ్గరికి వచ్చి అత్తనే అడిగాడట.

"ఎవురుమే పోయింది?"

"నువ్వే గదరా," అందట అత్త, దండ పట్టుకుని.

ఇంతవరకు నాకు నవ్వు వచ్చింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, బావ ఫోనులో చెబుతుంటే పగలబడి నవ్వాను. ఆ తరువాత నువ్వు ఫోను తీసుకున్నావు. నాయన ఆ ఫొటో అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చూసి, అత్త చేతికి తిరిగి ఇచ్చి ఏమన్నాడో నువ్వు చెప్పావు. "నేను పోయినాక తీయాల్సిన మీసం ముందే తీసినాడు. ఇంగ వాడు రావాల్సిన పనేముండాది." ఆ మాట విన్నాక నాకు నవ్వు ఆగిపోయింది. ఇప్పటికీ ఆగిపోయే ఉంది.

అది నేను చేసిన తమాషా అని ఆయన అనుకుంటున్నాడు. మన మునిసిపాలిటీ ఛైర్మన్ సార్ పోయాడనే పేరు పెట్టుకుని బతికున్న తండ్రితో ఆడుకున్నానని అనుకుంటున్నాడు. ఆయన తప్పేముంది? నా గతం అట్లాంటిది.

నువ్వు ఒక ఉపాయం చెప్పావు. "గుండు గీసే మిషను జారి సగం మీసం పోయిందను. సగం మీసంతో తిరగలేక మిగతాది తీసేసినానని చెప్పు. నాయన నమ్ముతాడు, రేపే మాట్లాడతాడు" అన్నావు. మంచి ఉపాయమే. నాకంటే నువ్వే పెద్ద కంత్రీవి, నాకు పేరొచ్చింది, నీకు రాలేదు, అంతే తేడా. పోయిన వారమంతా ఆ మాట నాలుక చివర పెట్టుకుని తిరిగాను. కానీ చెప్పను అక్కా. మిషను జారలేదు. ఎందుకు చెప్పనో నాయనకు రాస్తాను. అందులో నీ పేరు కూడా వస్తుంది. గుమ్మంలో నిలబడి నా కోసం నువ్వొక మాట చెప్పావే, అది. చదువుతూ చదువుతూ ఆ చోట మింగేయొద్దు. నిన్ను తిట్టేటట్టయితే చెప్పమన్నవాడిని తిట్టమను.

ఇప్పుడు నాయనను పిలువు. మగ్గంలో ఉంటే గుంట గట్టు మీద కూర్చుని చదువు. లేచిపోతే, పోయిన చోటికి పోయి చదువు. ఇక్కడి నుంచి గట్టిగా.

నాయనా,

ఓబులేసు నీ కాళ్లకు మొక్కుతున్నాడు. ఇది తమాషా కాదు. ఈ మాట నేను ఇంతకుముందు ఎన్ని తమాషాలకు ముందు చెప్పానో నాకే తెలియదు, అయినా ఇంకో మాట దొరకలేదు.

తండ్రి ఉండగా మీసం తీయకూడదని నాకు తెలుసు. మస్తాన్‌కు కూడా తెలుసు. చేతిలో మిషను పట్టుకుని ఆగిపోయి అడిగాడు. "మీసం గూడనా భాయ్? మీ నాయన ఉండాడు గదా. మీలో తీయరు గదా." తీయమన్నాను. ఒకటికి రెండుసార్లు చెప్పి తీయించుకున్నాను. తెలియక చేసింది కాదు, చెయ్యి జారి పోయింది కాదు.

ఎందుకో చెప్పాలంటే బిందెల రోజు దగ్గర మొదలుపెట్టాలి. ఆ రోజు నువ్వూ ఉన్నావు, నీకు తెలుసు. కానీ నా వైపు నుంచి నువ్వు ఎప్పుడూ వినలేదు. ఆ రోజు చేతిలో మగ్గం కర్ర పట్టుకుని వచ్చినవాడివి ఎట్లా వింటావు.

నాకు పదిహేడేళ్లు. ఎండాకాలం. కుళాయి వచ్చి ఆరు రోజులైంది. మునిసిపాలిటీ మైకు ఆటో మన వీధిలో నిలబెట్టి డ్రైవరు టీ తాగడానికి పోయాడు. నేను ఎక్కి కూర్చుని, మైకు పట్టుకుని, ఛైర్మన్ సార్ దగ్గినట్టు దగ్గి, "చూడండప్పా" అని మొదలుపెట్టి, రేపు పొద్దున మన వీధికి తాగునీళ్ల ట్యాంకరు వస్తుందని, ఇంటికి ఆరు బిందెలని చెప్పాను. ఒక్కరికీ అనుమానం రాలేదు. తెల్లారేసరికి చౌడమ్మ గుడి నుంచి రైలు గేటు దాకా బిందెల వరుస. ముసలమ్మలు బిందెల పక్కన నేల మీద కూర్చున్నారు. నేను మిద్దె మీద పడుకుని చూస్తూ నవ్వుతున్నాను. ఎండ ఎక్కే కొద్దీ నవ్వు తగ్గింది. వాళ్లు లేచిపోవడం లేదు. ఛైర్మన్ చెప్పినాక వస్తుందిలే అని కూర్చునే ఉన్నారు.

సార్ వచ్చాడు. ఎవరు చేశారో ఊరంతా ఒకే పేరు చెప్పింది. నన్ను కిందికి దించారు. నువ్వు కర్రతో వచ్చి అందరి ముందర అన్నావు. "ఈ నాకొడుకు నాకొద్దు సార్. నువ్వే పెట్టుకో."

సార్ నీ చేతిలో కర్ర తీసుకుని పక్కన పెట్టి, "ఇస్తివి కదప్పా, మళ్లీ అడగొద్దు" అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. కొడతాడని కళ్లు మూసుకున్నాను. ఆయన నాతో కాదు, వరుసలో ఉన్న ఆడవాళ్లతో మాట్లాడాడు. "వాడు చెప్పింది అబద్ధమేనమ్మా. కానీ నా గొంతుతో చెప్పినాడు. నా గొంతుతో వచ్చినాక అది అబద్ధం కాకూడదు."

అప్పటికప్పుడు ట్యాంకరు తెప్పించాడు. పైపు నా చేతికి ఇచ్చాడు. అన్ని బిందెలూ నేనే పట్టాను. ఆయన మధ్యాహ్నం దాకా ఎండలో నా పక్కనే నిలబడి, నిండిన బిందెను ముసలమ్మల చంకకు ఎత్తాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే నేను మరుసటి రోజు ఆయన తిట్టినట్టు చేసి చూపించి ఉండేవాడిని. తిట్టలేదు కాబట్టి నాకు చేసి చూపించడానికి ఏమీ మిగలలేదు.

నువ్వు ఆ రోజు అన్న మాటను అడ్డం పెట్టుకుని ఇప్పుడు వాదించాలని మొదట అనుకున్నాను. నువ్వే కదా నన్ను ఆయనకు ఇచ్చేశావు, ఆయన పోతే మీసం తీయడంలో తప్పేముందని. మంచి పాయింటే. బావ ఇప్పుడు తల ఊపుతూ ఉంటాడు. కానీ అది నోటి తెలివి నాయనా, అందులో నిజం లేదు. ఎందుకంటే సార్ నన్ను నీ దగ్గర నుంచి తీసుకోలేదు. మరుసటి రోజు మన ఇంటికి వచ్చి, నీ మగ్గం గుంట పక్కన నేల మీద కూర్చుని, నిన్ను అడిగి తీసుకుపోయాడు. సాయంత్రానికి ఇంటికి పంపుతాననే కదా చెప్పాడు.

ఆయన నన్ను పని నేర్చుకోవడానికి పెట్టిన ఆ షెడ్డు నువ్వు ఒక్కసారి కూడా లోపలికి వచ్చి చూడలేదు. మునిసిపాలిటీ ఆఫీసు వెనక రేకుల షెడ్డు, మధ్యలో చెడిపోయిన జీపు. నాపరాళ్ల గనుల్లో దుమ్ము పట్టిపోయిన వాళ్లు, హోటళ్లలో గ్లాసులు కడిగేవాళ్లు, బడి మానేసిన మన నేతపిల్లలు, తండా నుంచి వచ్చిన ఆడపిల్లలు. ఎవరూ రమ్మంటే వచ్చినవాళ్లు కాదు. ఆయన ఇండ్ల చుట్టూ తిరిగి, తండ్రుల ముందర నేల మీద కూర్చుని తెచ్చుకున్నవాళ్లు. ఒకరికి వైరింగు, ఒకరికి కుట్టుమిషను, నాకు డ్రైవింగు. లైసెన్సు దరఖాస్తు ఆయనే తన చేత్తో నింపాడు. నీ పేరు రాసే చోట నన్ను అడిగి, తప్పు లేకుండా రాశాడు. ఆ స్థలంలో అంగళ్లు కట్టాలని ఊరి పెద్దలు పట్టుబడితే, ఆయన మంచం తెచ్చుకుని షెడ్డు ముందర వేసుకున్నాడు. తరువాత ఎన్నికల్లో వాళ్లే ఆయనను ఓడించారు. ఓడిపోయిన రోజు సాయంత్రం కూడా షెడ్డుకు వచ్చాడు. మేమందరం మొహాలు వేలాడేసుకుని ఉంటే, "ఏమప్పా, పంచరు ఎవరు వేస్తారు, నేనా?" అన్నాడు. అప్పుడప్పుడు నన్ను నిలబెట్టి ఆయనలాగే మాట్లాడమనేవాడు. నేను దగ్గి "చూడండప్పా" అంటే, నవ్వీ నవ్వీ ఆయనకు నిజంగానే దగ్గు వచ్చేది.

ఇంక నేను చెప్పాల్సింది.

రెండేళ్ల కింద నేను సెలవుకు వచ్చినప్పుడు, తిరిగిపోవడానికి నాలుగు రోజులుందనగా షెడ్డు చూసుకునే గురవయ్య మన ఇంటికి వచ్చాడు. నువ్వు ఆ పూట నూలు కోసం ప్రొద్దుటూరు పోయావు. సార్ నన్ను ఒకసారి రమ్మన్నాడని చెప్పడానికి వచ్చాడు. నన్ను ఊర్లోనే ఉండిపోయి పిల్లలకు డ్రైవింగు నేర్పమంటాడని నాకు భయం వేసింది. ఆయన మొహం మీద కుదరదని చెప్పే ధైర్యం నాకు లేదు. అక్కకు సైగ చేసి నీ మగ్గం వెనక దాక్కున్నాను. అక్క గుమ్మంలో నిలబడి, వాడు నిన్ననే విమానం ఎక్కినాడని చెప్పింది. గురవయ్య నీళ్లు అడిగి తాగాడు. "అట్లనా. సార్ ఎదురుసూస్తాండాడే" అని పోయాడు. అతను పోయాక నేను నవ్వాను నాయనా. భలే తప్పించుకున్నానని నవ్వాను. నాలుగు రోజులు పెద్ద బజారు మొహం చూడలేదు. పోయే రోజు మొహానికి టవలు చుట్టుకుని షెడ్డు ముందర నుంచే ఆటోలో పోయాను. అటు తల తిప్పలేదు.

సార్ పోయాడని బావ ఫోను చేసినప్పుడు నేను నీళ్లు నింపే వరుసలో ఉన్నాను. వెంటనే గురవయ్యకు చేశాను. అతను ఏడుస్తూనే ఆ రోజు సంగతి చెప్పాడు. సార్‌కు అప్పటికే గొంతు ఆపరేషన్ అయి మాట పోయిందట. ఊర్లో ఇంకా ఎవరికీ చెప్పలేదట, నాకు తెలియదు. "కొత్త పిల్లోల్లు చేరే రోజు ఏటా నాలుగు మాటలు చెప్తాడు గదా. ఆ మాటలు కాయితం మీద రాసుకోని కూర్చున్నాడప్పా. ఓబులేసు నా గొంతుతో చదువుతాడని రాసి చూపించినాడు. నువ్వు విమానమెక్కినావని చెప్తే, పోనీలే, పనుంటాది వానికి అని చెయ్యి ఊపినాడు." ఆ కాగితం చివరికి గురవయ్యే చదివాడట. పిల్లలకు ఏమీ అర్థం కాలేదట.

ఆయన అడిగింది అదొక్కటే. ఊరందరికీ ఊరకనే చేసి చూపించిన గొంతు అది. ఆయనకు అది అవసరమైన రోజు నేను నీ మగ్గం వెనక ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆ శుక్రవారం మా గదిలో మన వైపు వాళ్లు పదిహేను మంది కూడారు. సార్ ఫొటో గోడకు పెట్టి పూలు వేశాం. అందులో ఐదుగురు షెడ్డులో నేర్చుకున్నవాళ్లే. ఒకడు లేచి, "ఓబులేసన్నా, సార్ మాదిరి ఒక్కసారి మాట్లాడన్నా, విన్నట్టుంటాది" అన్నాడు. నేను నిలబడ్డాను. దగ్గాను. "చూడండప్పా" అన్నాను. అలవాటు కొద్దీ అందరూ నవ్వారు. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. అది కూడా యాక్టింగే అనుకుని ఇంకా నవ్వారు. ఎవరినీ తప్పుపట్టను. ఇన్నేళ్లు వాళ్లకు నేను నేర్పింది అదే.

వాళ్లు పోయాక మస్తాన్‌ను మిషను తెమ్మన్నాను. నిన్ను లేనివాడిని చేయాలని కాదు నాయనా. నీ చోట ఇంకొకరిని పెట్టాలని కాదు. ఏడిస్తే నవ్వుతున్నారు, మాట్లాడితే నవ్వుతున్నారు. మన వాళ్లెవరూ నవ్వని పని ఏమిటని ఆలోచిస్తే నాకు అదొక్కటే దొరికింది. తలవెంట్రుకలు తీస్తే ఎండకు తీశాడంటారు. మీసం తీస్తే ఎవరూ నవ్వరు. నిజంగానే మా వాళ్లెవరూ నవ్వలేదు. మరుసటి రోజు నన్ను చూసి మాట్లాడకుండా పక్కకు తప్పుకున్నారు. అది ఊరికి చేరి, అత్త చేతిలో దండై, నీ గుమ్మం దాకా వస్తుందని నేను అనుకోలేదు. అక్కడ నీ వైపు నుంచి ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. తప్పు చేశాను. నీకు ఆయుష్షు తక్కువ కావాలని చేసింది కాదు. అత్త అహోబిలంలో శాంతి చేయించమంటోందని అక్క చెప్పింది. నువ్వు సరేనంటే ఆ మెట్లన్నీ నేనే ఎక్కి చేయిస్తాను.

మిషను జారిందని చెబితే నువ్వు మాట్లాడతావట. ఆ అబద్ధం చెప్పడం నాకు చిటికెలో పని. కానీ సార్‌కు నా నుంచి చేరిన చివరి మాట అబద్ధం. ఆయన దాన్ని నమ్మి, చెయ్యి ఊపి పోయాడు. నీకు కూడా అట్లాంటిదే చేర్చి, నువ్వు దాన్ని నమ్మి నాతో ప్రేమగా మాట్లాడితే నేను తట్టుకోలేను. నువ్వు నిజం విని తిడితే తట్టుకుంటాను. ఊరిని నవ్వించినందుకు నాకు సాక్ష్యాలు ఊరంతా ఉన్నాయి. ఏడ్చినందుకు ఒక్క సాక్ష్యం లేదు. నమ్మితే నువ్వు ఊరకనే నమ్మాలి.

శ్రావణంలో నాకు సెలవు ఇస్తామన్నారు. వస్తున్నాను. నేను వచ్చేసరికి నువ్వు మగ్గంలో ఉంటే లేవొద్దు. నాతో మాట్లాడకపోయినా పర్వాలేదు, గట్టు మీద కూర్చుంటాను. తరువాత షెడ్డుకు పోయి గురవయ్యను ఆ కాగితం అడుగుతాను. ఈ ఏడు చేరిన పిల్లలకు చదవాలని ఉంది. సార్ గొంతు వస్తుందో రాదో తెలియదు, రాకపోతే నా గొంతుతోనే చదువుతాను. నువ్వు కూడా వచ్చి వెనక నిలబడితే బాగుంటుంది. రాకపోతే నేను అడగను. నామీద కోపం ఎంతైనా పెట్టుకో. నేను గుమ్మంలోకి వచ్చినప్పుడు ఇంట్లో లేవని మాత్రం అక్కతో చెప్పించొద్దు నాయనా. నీ చేయి నా తల మీద పెడితే చాలు, ఏమీ అనకపోయినా సరే.

అక్కా, నాయనకు చదవాల్సింది అయిపోయింది. బావకు నా నమస్కారం. బనగానపల్లె అత్తకు ప్రత్యేకంగా నమస్కారం చెప్పు, మామిడిపండ్లు తియ్యగా ఉన్నాయా అని అడిగానని చెప్పు, తిట్టినా పర్వాలేదు. వీధిలో మన పెద్దలందరికీ చెప్పు. చౌడమ్మకు నా పేరు మీద ఒక కొబ్బరికాయ కొట్టు. మీ అందరి దీవెన నాకు కావాలి.

మస్తాన్ మళ్లీ ఇరవై రోజుల్లో తిరిగి వస్తాడు. నీ జవాబు అతని చేతికే ఇయ్యి. ఇది చదువుతున్నప్పుడు నాయన మొహం ఎట్లా ఉందో, అట్లాగే రాయి. నన్ను సంతోషపెట్టడానికి ఒక్క అక్షరం కూడా కలపొద్దు.

నీ తమ్ముడు,
ఓబులేసు